‘వెళ్లిరా’ చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది ఒక్కటీ రాయను, అక్కర్లేని మాట ఒక్కటీ చెప్పను అని కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానం మొదట్లోనే మాట ఇచ్చాడు. ఆయన కాళిదాసుకు రాశాడు గనక ఆ మాట చెల్లింది. మా అక్కకు రాయవలసివస్తే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాడు.

మా అక్క కవయిత్రి కాదు. విశాఖ ఉక్కునగరంలో క్వార్టర్సు గృహిణి. బావ బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేస్తాడు. వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, పదహారేళ్లది, ఎక్స్‌ఛేంజి ప్రోగ్రాము మీద అమెరికాలో ఒక బడిలో చదవడానికి ఏడాది పాటు వెళుతోంది. ఉండేది అక్కడి వాళ్లింట్లో, వాళ్ల పిల్లల్లో పిల్లగా. ఆ ప్రయాణానికి కావలసిన సమస్తమూ అక్క ఒక క్యాలెండరు కాగితం వెనక ఎనిమిది మాటల్లో రాసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతం పెట్టి అంటించింది. ముప్ఫయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, దానిమీద నా కన్ను పడింది. సూత్రం కనబడితే భాష్యం రాయకుండా ఉండలేకపోవడం మా వృత్తి జబ్బు.

మూలం

పాస్‌పోర్టు చేతిసంచిలో.
ఆవకాయ మూత బిగించి.
స్వెట్టరు పైన.
వాళ్లింట్లో అడిగి పని చెయ్యి.
మొహమాటపడకు.
ఆదివారం ఫోను.
ఏడాదే కదా.
వెళ్లిరా.

పాఠభేదాలు, ప్రక్షిప్తాలు

ఈ గ్రంథానికి రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి ఫ్రిజ్ ప్రతి. రెండోది దాని ఫోటో కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కగా పుట్టిన ప్రతి. రెండోదానిలో బంధువులు తలో చెయ్యీ వేశారు. జండూబామ్ అని ఒక పిన్ని, పెరుగు తోడు అని ఒక వదిన, ఎండుచేపలు అని భీమిలి పెదనాన్న. శైలి చూస్తేనే ఇవి ప్రక్షిప్తాలని తెలిసిపోతుంది. మూలకర్త ఎక్కడా నాలుగు మాటలు దాటలేదు. పెదనాన్న ఎండుచేపల రకాలే ఏడు రాశాడు. కనుక వాట్సాప్ ప్రతి అగ్రాహ్యం.

అసలు పాఠభేదాలన్నీ పిల్ల పేరు దగ్గరే వచ్చాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలుచుంది. ఆధార్‌లో పూర్తిగా విచ్చుకుని చివరికి వెళ్లింది. పేరులోని ‘త’కు ఒకచోట టి, ఒకచోట టి పక్కన హెచ్. హెచ్ లేకపోతే అది ‘ట’ అయిపోతుందని తెలుగువాడి భయం. హెచ్ ఉంటే అది ‘థ’ అని ఉత్తరాది గుమాస్తా పట్టు. పాస్‌పోర్టు ఆఫీసులో ఇవన్నీ ఒక్క పాఠానికి రావాలి. తాళపత్ర ప్రతులు ముందేసుకుని శుద్ధప్రతి తయారుచేసిన మన పెద్దలకు కూడా ఇంత పని పడి ఉండదు, వాళ్లను అఫిడవిట్లు ఎవరూ అడగలేదు గనక.

ఇక్కడ మనవాళ్లకు ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో సర్‌నేమ్‌కు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. పేరంతా ఒకే గడిలో కుక్కి రెండోది ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద సొంత పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. బారసాల చేసి, బియ్యంలో మూడుసార్లు రాసి, చెవిలో చెప్పి పెట్టిన పేరు అలా గల్లంతవుతుంది. మా పిల్లకు ఆ గండం తప్పింది గాని, అక్కడి ఇంటి తల్లి రాసిన మొదటి ఉత్తరం మాత్రం మా బావ ఇంటిపేరును సంబోధిస్తూ వచ్చింది. బావ అది తనకే అనుకుని, మర్నాడు బీ షిఫ్టుకు వెళ్లేలోపు జవాబు కూడా రాసేశాడు.

ఛందస్సు

పైకి వచనంలా కనబడుతుంది గాని, ఈ గ్రంథం కఠినమైన ఛందస్సుకు లోబడింది. టికెట్టు మీద రెండు పాదాలున్నాయి. ఒక్కో పాదానికి, అంటే పెట్టెకు, 23 కిలోలు. చేతిసంచికి 7.

శార్దూలానికి 19 అక్షరాలు, మత్తేభానికి 20, చంపకమాలకు 21. పాదానికి 23 అక్షరాలుంటే ఆ ఛందానికి లక్షణకర్తలు పెట్టిన పేరు ‘వికృతి’. విమానం పెట్టె సర్దడం చూడకుండానే ఆ పేరెలా పెట్టారో తెలియదు. కవిరాజవిరాజితం ఆ జాతి వృత్తమే. దానికి ఎనిమిదో అక్షరం దగ్గర మొదటి యతి, ఏడు దాటగానే ఆగాలి. చేతిసంచిదీ అదే లక్షణం.

ఇక గురులఘువులు. ఆవకాయ గురువు. కందిపొడి గురువు. గాజు సీసాలో ఉన్న నెయ్యి, సంయుక్తాక్షరం ముందున్న అక్షరం లాగా, తనది కాని బరువుతో గురువు. అప్పడాలు లఘువు. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేసినవి గనక లఘువు; అక్కడి ఇంటివాళ్లకు కానుకగా అవే తగినవని ఏకాభిప్రాయం కుదిరింది. మాడుగుల హల్వా చూడ్డానికి లఘువు, తూచితే గురువు. నేను కానుకగా ఇచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం గురువులకే గురువు. దాని గతి చివర్లో చెబుతాను.

ప్రతిపదార్థం

పాస్‌పోర్టు చేతిసంచిలో: షష్ఠీ విభక్తి. ‘లో’ అనడం వల్ల పెట్టెలో గాని, బావ చొక్కా జేబులో గాని కాదని వ్యావృత్తి. ఈ ఒక్క మాట వెనక ఆరు నెలల పురాణం ఉంది. పాస్‌పోర్టు విశాఖలోనే వస్తుంది. వీసాకు మాత్రం హైదరాబాదు వెళ్లాలి. 2008కి ముందు మనవాళ్లంతా మద్రాసు వెళ్లేవారు. ఆ ఏడాది బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచారు, 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. కనుక సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పొద్దున్నే దిగడం, చిలుకూరులో వీసా బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చెయ్యడం. పని అయితే నూట ఎనిమిది బాకీ. సింహాచలం అప్పన్న ఉండగా చిలుకూరు ఎందుకని అక్క అత్తగారు అడిగారు. అప్పన్న కుటుంబ వైద్యుడు, బాలాజీ స్పెషలిస్టు అని బావ సమాధానం.

పాస్‌పోర్టుతో పాటు అక్కడి బడివాళ్లు టీకాల కాగితమూ అడుగుతారు. నా వ్యాఖ్యానానికీ టీక అనే పేరు, సూదికీ టీకా అనే పేరు ఉండటం ఊరికే కాదు: రెండూ ముందుజాగ్రత్తలే. ఫారంలో ‘చికెన్‌పాక్స్ వచ్చిందా, ఎప్పుడు’ అనే గడి ఉంది. అమ్మవారు పోసినమాట నిజం. తేదీ ఎవరికి గుర్తు? బురుజుపేట కనకమహాలక్ష్మి గుళ్లో మార్గశిర గురువారాల రద్దీ రోజుల్లో అని అక్క కచ్చితంగా చెప్పింది. ఆ గడిలో మార్గశిరం పట్టలేదు. చివరికి డాక్టరు రక్తపరీక్ష రాశాడు.

ఆవకాయ మూత బిగించి: ‘బిగించి’ అని అసమాపక క్రియతో వాక్యం ఆగిపోయింది. తర్వాత ఏం చెయ్యాలో చెప్పలేదు. ఇది దోషం కాదు, అధ్యాహారం. ‘బిగించి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, టేపు వేసి, మళ్లీ కవరులో చుట్టి, దేవుడికి దణ్ణం పెట్టి’ అని పూరించుకోవాలి. నూనె కారితే పెట్టెలోని చొక్కాలన్నీ ఏడాదంతా ఒకే వాసనతో బడికి వెళతాయి.

కస్టమ్స్ ధర్మశాస్త్రం ఇక్కడే చెప్పుకోవాలి. మాంసం పచ్చడి నిషిద్ధం. పచ్చి పళ్లు, విత్తనాల జోలికి పోకపోవడం మంచిది. ఏ తినుబండారమైనా ఉందని చెబితే పరవాలేదు, దాస్తేనే జరిమానా. అన్నిటికంటే విచిత్రం కరివేపాకు. మన సామెతల్లో దానంత తేలికైన వస్తువు లేదు. కూరలో వేసుకుని తీసిపారేస్తాం. అమెరికావాళ్లు మాత్రం పచ్చి కరివేపాకును సరిహద్దు దాటనివ్వరు. అది నిమ్మ, నారింజ కుటుంబపు చెట్టు, ఆ తోటలను చంపే తెగులును మోసే పురుగు దానిమీద బతుకుతుంది. కరివేపాకుకు ఇంత మర్యాద భరతఖండంలో ఏనాడూ దక్కలేదు.

స్వెట్టరు పైన: పెట్టెలో పైన అని ఒక అర్థం, ఒంటి మీద అని ఒక అర్థం. శ్లేష. ఇందులో కాలవిరోధం ఉంది. ప్రయాణం ఆగస్టులో. ఆగస్టులో ఉక్కునగరంలో ఉండేది ఉక్క. స్వెట్టర్లు అమ్మేవాళ్లు కార్తీకం దాకా రారు. మా కుటుంబానికి తెలిసిన చలి అంతా లంబసింగి పిక్నిక్కులో తెల్లవారుజామున తాగిన టీ వరకే. కనుక ఈ సూత్రాన్ని ఆచరణసూత్రంగా గాక శాంతిమంత్రంగా తీసుకోవాలి. కోటు అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలని వెళ్లొచ్చిన పిల్లలందరూ చెబుతారు. అక్క వినదు.

వాళ్లింట్లో అడిగి పని చెయ్యి: ‘అడిగి’ అన్నది ఇక్కడ ప్రాణం. మనింట్లో ఆడపిల్ల అడక్కుండా పని చేస్తేనే మెచ్చుకుంటారు. పరాయింట్లో అడక్కుండా చేస్తే వాళ్ల గిన్నెల మిషను పాడవుతుంది. ఇలా బడిపిల్లలను ఇంట్లో పెట్టుకునే అమెరికా కుటుంబాలకు అందుకు డబ్బు ముట్టదు, సొంత ఇష్టంతో పెట్టుకుంటారు. ఈ సంగతి తెలిసిన రోజున అక్క హల్వా పొట్లాలు ఒకటి నుంచి మూడు చేసింది.

మొహమాటపడకు: వ్యతిరేక విధి. చెప్పడం తేలిక. మన పద్ధతిలో గిన్నె ముందుకొచ్చినప్పుడు ‘వద్దండీ’ అనాలి. రెండోసారి ‘అబ్బే’ అనాలి. మూడోసారి ‘సరే, కొంచెం’ అనాలి. వడ్డించేవాళ్లకూ ఆ లెక్క తెలుసు. అక్కడ మొదటి ‘వద్దు’తోనే గిన్నె వెళ్లిపోతుంది, తిరిగి రాదు. కనుక పిల్లచేత మేము వారం రోజులు సాధన చేయించాం. నేను గిన్నె పట్టుకుని అడగడం, అది వెంటనే ‘ఊఁ’ అనడం. ఏడోరోజున పట్టుబడింది. ఎనిమిదోరోజు వాళ్ల నానమ్మ అరిసెలు పెడితే మొదటి మాటకే ఊఁ అంది. పిల్ల అప్పుడే మారిపోయిందని ఆవిడ కంటతడి పెట్టారు.

ఇంకో మొహమాటం పిలుపుది. ఇంటి తల్లి తనను పేరు పెట్టి పిలవమంది. నలభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి మా పిల్లకు నోరు రాదు. ఆంటీ అంటే వాళ్లకు నప్పదు. పేరుకు గారు తగిలించమని నేను సూచించాను. అది ఇప్పటికి అమల్లో ఉంది. ఆవిడ దాన్ని ముద్దుపేరు అనుకుంటోందట.

ఆదివారం ఫోను: సందిగ్ధ పదం. ఎవరి ఆదివారం? పిల్ల వెళ్లే ఊళ్లో వేసవి గడియారం ప్రకారం మనం పదిన్నర గంటలు ముందుంటాం. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే పదకొండున్నర. మన ఆదివారం సాయంత్రం 6 గంటలు వాళ్లకు ఆదివారం పొద్దున ఏడున్నర. మన ఆదివారం పొద్దున్న వాళ్లకింకా శనివారం రాత్రే. బావకు సీ షిఫ్టు పడిన వారం ఆయన ఆదివారం ఎప్పుడు మొదలవుతుందో ఆయనకే తెలియదు. కనుక ఉభయులకూ ఆదివారమైన సాయంత్రం ఆరే సిద్ధాంతం. ‘వారానికి ఒకసారే ఎందుకు, ఫోను చేతిలోనే ఉందిగా’ అని శంక. రోజూ ఇంటికి ఫోను చేసే పిల్ల అక్కడ ఉండదు, ఫోనులోనే ఉంటుంది. మితంగా చెయ్యమని ప్రోగ్రామువాళ్లే చెబుతారు. అక్క ఈ నియమానికి ఒప్పుకుంది. మెసేజి ఫోను కిందికి రాదని ఆవిడ వ్యాఖ్య.

శబ్దవిచారం

మూలంలో లేకపోయినా ఇంట్లో అందరి నోటా నానుతున్న మాట ఎక్స్‌ఛేంజి. నా తరంలో ఆ మాటకు ఒకటే అర్థం: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి. కార్డు రెన్యువలు చేయించుకుంటూ జుట్టు నెరిసినవాళ్లను ఎరుగుదును. అక్క అత్తగారికి తెలిసిన ఎక్స్‌ఛేంజి వేరు. పాతచీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం. ఆ అనుభవంతోనే ఆవిడ ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. ‘మన పిల్లని వాళ్లకిస్తున్నాం సరే. మారుగా వాళ్ల పిల్ల మనింటికి ఎప్పుడొస్తుంది?’

పండితుడికి దిక్కుతోచని ప్రశ్న. చరిత్ర తిరగేశాను. ఈ మార్పిళ్ల మొదలు యుద్ధాల్లో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో గాయపడినవాళ్లను ఆంబులెన్సుల్లో మోసిన అమెరికన్ స్వచ్ఛంద సేవకుల సంఘమే, రెండో యుద్ధం ముగిశాక 1947లో బడిపిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశపు ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. ఏఎఫ్‌ఎస్ అంటే అదే. విదేశాల్లో మిగిలిపోయిన యుద్ధసామగ్రిని అమ్మగా వచ్చిన డబ్బుతో చదువుల మార్పిడి చెయ్యాలన్న ఫుల్‌బ్రైట్ చట్టం 1946 ఆగస్టులో వచ్చింది. మన దేశంతో ఆ ఒప్పందం 1950 ఫిబ్రవరిలో కుదిరింది. 15 నుంచి 17 ఏళ్ల పిల్లలకు అమెరికా ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని ఒక విద్యాసంవత్సరం అక్కడి ఇంట్లో ఉంచే కెన్నెడీ–లూగర్ ప్రోగ్రాము 2002లో, న్యూయార్కు జంట భవనాలు కూలిన మరుసటి ఏడాది పుట్టింది. కొట్టుకున్నాకనే మనుషులకు ఒకరి వంటింట్లో ఒకరు కూచోవాలన్న బుద్ధి పుడుతుంది.

అత్తగారి ప్రశ్నకు జవాబు మాత్రం మా ఊళ్లోనే దొరికింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ‘కాలేజ్ ఇయర్ ఇన్ ఇండియా’ అని ఒక ప్రోగ్రాము నడిపేది. అందులో పిల్లలు మాడిసన్‌లో వేసవంతా తెలుగు అక్షరాలు దిద్దుకుని, ఏడాది ఉండటానికి వాల్తేరు వచ్చేవాళ్లు, మా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. నేను చదువుకునే రోజుల్లో అలాంటి కుర్రాడొకడు కూరగాయల బండి దగ్గర నిలబడి ‘వంకాయలు ఎంతకిస్తారండీ’ అని గ్రాంథికానికి అర అంగుళం దూరంలో అడగడం చూశాను. ‘ఏటి బాబూ’ అంది బండామె. ఏటి అనే మాట వాళ్ల పుస్తకంలో లేదు. వాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. వంకాయల కంటే ముందు ఆ మాట కొనుక్కున్నాడు. అంచేత అత్తగారికి చెప్పాను: వాళ్ల పిల్లలు ముందే వచ్చారు, మనమే బాకీ.

ఇక్కడే అసలు చిక్కు బయటపడింది. వాళ్లు వచ్చి ఏటి తీసుకెళ్లారు. మా పిల్ల ఏం తీసుకెళుతోంది? అక్కడ బడిలో తన ఊరి గురించి చెప్పాలి, అది ప్రోగ్రాము నియమం. తయారుచేసుకున్న పవర్‌పాయింటు చూపించమన్నాను. మొదటి స్లైడు తాజ్‌మహల్. రెండోది యోగా. మూడోది హోలీ. మా వంశంలో తాజ్‌మహల్ చూసినవాళ్లు లేరు. హోలీనాడు మేము తలుపు వేసుకుంటాం.

బావ అప్పుడే నైటు డ్యూటీ నుంచి వచ్చాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి స్లైడు చూసి ఒక మాట అన్నాడు. ‘ఖాళీ ఓడ తూగిపోకుండా అడుగున నీళ్లు నింపుతారే, బాలాస్టు, ఈ పెట్టెంతా అదే. సరుకు ఏదమ్మా?’ హార్బరు ఊళ్లో పుట్టినవాడికే ఆ పోలిక వస్తుంది. బైలడిలా ఇనుపరాయి కొత్తవలస–కిరండూల్ లైను మీద కొండలు దిగి వచ్చి ఓడెక్కి జపాను వెళుతుంది. ఉక్కు ఫ్యాక్టరీకి కావలసిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడలో వస్తుంది. ఇక్కడ సరుకు లేకుండా వెళ్లే ఓడ నీళ్లు మోసుకెళుతుంది.

ఆ పొద్దున బావ నిద్ర మానుకుని కూతురికి పాఠం చెప్పాడు. తను పనిచేసే చోట కొలుములకు అంకెలతో పాటు పేర్లున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. సముద్రపు ఒడ్డున కట్టిన మన దేశపు మొదటి ఉక్కు కర్మాగారం ఇది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో రోడ్లెక్కితే ఆ పోరాటంలో 32 మంది చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. జాతికి అంకితమిచ్చింది 1992 ఆగస్టులో, పి.వి. నరసింహారావు. రాయి పడ్డాక ఇరవై ఒక్కేళ్లు. నేనూ ఒక మాట కలిపాను: దక్షిణాది కొలుముల్లో పుట్టిన ఉక్కు ఐరోపా దాకా వెళ్లింది, దానితో పాటు ఆ పేరూ వెళ్లి అక్కడ వూట్జ్ అయింది. విదేశం వెళ్లిన మాటకే అంత రూపం మారితే మనిషికి కొంచెం మారదా?

తాజ్‌మహల్ స్లైడు పోయింది. దాని స్థానంలో రాత్రిపూట ఎర్రగా కరిగిన ఇనుము ఉంది. బరువు సున్నా కిలోలు.

పూర్వపక్షం, సిద్ధాంతం

బావ అన్నగారి పూర్వపక్షం ఇది: ‘ఇంటరు మధ్యలో వెళితే ఏడాది పోతుంది.’

ఏడాది పోవడమంటే ఏమిటో విచారిద్దాం. ఏడాది ఎటూ పోదు, 365 రోజులూ ఉన్నచోటే ఉంటాయి. పోయేది బ్యాచి. తోటివాళ్లు సెకండియర్ ముగించి ఎంసెట్ రాస్తుంటే (ప్రభుత్వం దానికి ఈఏపీసెట్ అని పేరు మార్చినా మాకది ఎంసెట్టే) మన పిల్ల ఒక ఏడాది వెనకుంటుంది. ఇది నిజమే. అయితే అదే అన్నగారి అబ్బాయి ర్యాంకు రాక, మంచాలూ గోడలూ తప్ప మరేమీ కనబడని హాస్టల్లో లాంగ్‌టర్మ్ కోచింగు పేరుతో ఏడాది కూచున్నప్పుడు దాన్ని ఎవరూ పోయిందనలేదు. పెట్టాం అన్నారు. ఒకే ఏడాది ఒకచోట పోవడం, ఇంకోచోట పెట్టడం ఎలా అవుతుంది? ఒకే వస్తువుకు రెండు లెక్కలు చెబితే తర్కం ఒప్పుకోదు. అన్నగారు ఆలోచిస్తామన్నారు.

చివరి రెండు సూత్రాలు

ఏడాదే కదా: ఏడాది, ఏ, కదా అని విడదీసుకోవాలి. ‘ఏ’ అవధారణార్థకం, ఏడాది మాత్రమే, అంతకు మించదు అని. పైగా లెక్కకు పది నెలలే, ఏడాది కూడా కాదు. ‘కదా’ అన్నది ఎదుటివాడి ఒప్పుదల కోరే మాట. మిగతా సూత్రాలన్నీ పిల్లకు చెప్పినవి. ఇదొక్కటీ ఎవరికి చెప్పింది? పిల్లకయితే అవసరం లేదు, అది ఏడాది చాలదంటోంది. ఈ సూత్రానికి సంబోధ్యురాలు రాసినావిడే. ఇంతకంటే వ్యాఖ్యానించడం మర్యాద కాదు.

వెళ్లిరా: మన భాషలో గడప దాటేటప్పుడు ‘పోతున్నాను’ అనడం అశుభమని అందరికీ తెలుసు. వ్యాకరణం ఏమంటుందో చూద్దాం. చిన్నయసూరి పరిభాషలో ‘వెళ్లి’ క్త్వార్థకం. అసమాపక క్రియ, దానంతటది వాక్యం కాలేదు. ‘రా’ విధి, వాక్యం ముగిసేది దానితోనే. అంటే ప్రధానక్రియ రావడమే. వెళ్లడం దానికి ముందు జరగవలసిన పని మాత్రమే, కాళ్లు కడుక్కుని అన్నం తిను అన్నప్పుడు కాళ్లు కడుక్కోవడం లాంటిది.

దీనికి ప్రాచీన ప్రయోగాలున్నాయి. మా ఉత్తరాంధ్రలో ఏడాది విదేశం అమెరికాతో మొదలుకాలేదు, రంగంతో, అంటే రంగూనుతో, మొదలైంది. విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూనులో బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి వెళ్లేవాళ్లు. పెట్టె లేదు, మూట. ఫోను లేదు, మనియార్డరు. వాళ్లకూ ఇళ్ల దగ్గర వెళ్లిరా అనే చెప్పారు. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాక ఓడలు దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్, అస్సాం కొండల్లో నడిచి బయల్దేరారు. అందరూ చేరలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖ మీదే పడ్డాయి. ఆ ‘రా’ చాలా ఇళ్లలో పూర్తికాని వాక్యంగా మిగిలింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో భార్యను వదిలి బోస్టన్ వెళ్లాడు. మందుల చరిత్రలో నిలిచాడు. 1948లో అమెరికాలోనే చనిపోయాడు, తిరిగి ఇంటి గడప తొక్కలేదు. లోకానికి లాభమే. ఇంటివాళ్ల లెక్కలో అది క్త్వార్థకంతో ఆగిన వాక్యం. ఇటువైపు ఉదాహరణ భద్రిరాజు కృష్ణమూర్తి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెబుతూ పెన్సిల్వేనియా వెళ్లి, తెలుగు క్రియాధాతువుల మీద 1957లో డాక్టరేటు తీసుకుని వచ్చాడు. అక్కడ నేర్చిన పద్ధతిని ఇక్కడి రైతుల దగ్గరికి తీసుకెళ్లాడు. నాగలి భాగాలను ఏ జిల్లాలో ఏమంటారో ఏరి కూర్చిన వ్యవసాయ వృత్తిపదకోశం 1962లో అచ్చయింది. సమాపక క్రియ అంటే అది.

చివరగా ఒక విచిత్ర సామ్యం. అమెరికా వీసా చట్టం చదివాను. ఇలాంటి వీసా అడిగినవాణ్ని అక్కడే ఉండిపోయేవాడిగానే మొదట లెక్కేస్తారు. తిరిగి వెళతానని రుజువు చెయ్యవలసింది అడిగినవాడే. నానక్‌రామ్‌గూడ కిటికీ వెనక ఆఫీసరు ఎన్ని అడిగినా అన్నిటి సారం ఒకటే: తిరిగి వస్తావా? పైగా ప్రభుత్వ ఖర్చుతో వెళ్లిన ఎక్స్‌ఛేంజి విద్యార్థి ముగిశాక స్వదేశంలో రెండేళ్లు ఉంటేగాని అక్కడ ఉద్యోగానికో స్థిరనివాసానికో వీసా అడగకూడదని నియమం. అంటే వాషింగ్టన్ వాళ్లు ఇన్ని సెక్షన్లు రాసి తేల్చినది, మా అక్క క్యాలెండరు వెనక మూడక్షరాల్లో తేల్చింది.

తాత్పర్యం

ఓ కన్యా, గుర్తింపు కాగితాలను దగ్గర ఉంచుకో. ఇంటి రుచిని మూత బిగించి తీసుకెళ్లు, వాళ్ల రుచికి మూత పెట్టకు. తెలియని చలికి భయపడు గాని ఆగకు. అడిగి చెయ్యి, ఆకలైతే ఊఁ అను. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఈ ఇంట్లో ముగ్గురు ఒక ఫోను చుట్టూ కూచుంటారని మరిచిపోకు. ఏడాది చిన్నదే. నువ్వు ఏమైనా చూడు, ఏమైనా నేర్చుకో, వాక్యం మాత్రం పూర్తి చెయ్యి. అని భావం.

ఉత్తరకథ

ప్రయాణానికి రెండు రోజుల ముందు పాతపేపర్లు కొనే అబ్బాయిని పిలిచి, అతని స్ప్రింగు త్రాసుకు పెట్టె తగిలించి తూచాం. కిలోన్నర ఎక్కువుంది. అక్క ఆవకాయ సీసా వైపు చూసింది. నా శబ్దరత్నాకరం వైపు చూసింది. నా వైపు చూడలేదు.

శబ్దరత్నాకరం ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీద ఉంది. తిరుగు టికెట్టు జూన్‌ నెలది.